రంగు తిరిగిన నీళ్ళు

ఆ ఎండాకాలం మా ఇంట్లో రెండు సంగతులు తేలాల్సి ఉన్నాయి. హాల్లో ఉన్న ఉప్పునీటి తొట్టి ఎందుకు పచ్చబడుతోందన్నది ఒకటి. మామయ్యగారు మాతోనే ఉండిపోతారా, మళ్ళీ రొయ్యల చెరువుల మీదికి వెళతారా అన్నది రెండోది. రెంటికీ సంబంధం ఉందని మే నెల దాకా మాకు తెలియలేదు.

తొట్టి నా భర్త ఆదర్శ్‌ది. తెల్లాపూర్‌లో మా ఫ్లాట్ హాల్లో టీవీ ఉండాల్సిన చోట అది ఉంటుంది. రెండడుగుల గాజు తొట్టి, అందులో నాలుగు రాళ్ళు, నారింజ రంగు మీద తెల్లచారలున్న చేపల జంట, పొడుగాటి మీసాలతో ఒక ఎర్రచారల రొయ్య, అద్దాలు నాకుతూ తిరిగే నత్తలు. మంచినీటి చేపల్ని ఎవరైనా పెంచుతారని ఆదర్శ్ అభిప్రాయం. ఇతను ఆర్వో నీళ్ళలో సముద్రపు ఉప్పు తూచి కలిపి, ఉప్పదనం కొలిచి, వేడి చూసి, పసిబిడ్డకి పాలు కలిపినట్టు కలిపేవాడు. గచ్చిబౌలిలో వాళ్ళ ఆఫీసులో ఆ ఏడాది టీములకి టీములే ఖాళీ అవుతున్నాయి. ఇంటికి రాగానే లాప్‌టాప్ సంచి కూడా దించకుండా వచ్చి తొట్టి ముందు నిలబడేవాడు. తన చెప్పుచేతల్లో ఉన్నది అదొక్కటే అనిపించేదేమో. నాకు ఆ తొట్టి మీద ప్రేమా లేదు, కోపమూ లేదు. టీవీ చూసే అలవాటు లేదు కాబట్టి సర్దుకున్నాను.

మామయ్యగారి పేరు కామేశ్వరరావు. ఆకివీడు దగ్గర ఆదర్శ్ పుట్టకముందు నుంచీ రొయ్యలు పెంచారు. అత్తయ్యగారు పోయాక చెరువు గట్టు మీది షెడ్డులోనే మకాం పెట్టేశారు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ రోగానికి పోయాయి. రెండో పంట పోయిన వారంలోనే ఒక పొద్దున్న సుగర్ పడిపోయి గట్టు మీద కూలబడ్డారు. కాపలా మనిషి చూసేసరికి ఎండెక్కింది. ఆదర్శ్ కారేసుకుని వెళ్ళి, భీమవరం ఆస్పత్రి నుంచి నేరుగా మా ఇంటికి తీసుకొచ్చేశాడు. చెరువులు ఎండగట్టి ఉన్నాయి. జూన్‌లో నీళ్ళు పెడితే మళ్ళీ పంట వేసుకోవచ్చు. లేకపోతే పక్క చెరువుల మధుకర్ అవి కూడా తనే తీసుకుంటానని కబురు పెట్టాడు.

"ఇంక అక్కడికి వెళ్ళేది లేదు నాన్నా" అన్నాడు ఆదర్శ్, మా సెల్లార్‌లో కారు దిగకముందే.

మామయ్యగారు అవుననలేదు, కాదనలేదు. "ఎండలు పోనీరా, చూద్దాం" అన్నారు.

అంతే. ఆ తర్వాత మా ఇంట్లో చెరువు అనే మాట ఎవరూ ఎత్తలేదు. ఆదర్శ్ అసలు ఎత్తలేదు. ఊళ్ళో వాళ్ళ గురించి అడిగేవాడు, చుట్టాల పెళ్ళిళ్ళ గురించి అడిగేవాడు, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గుంత తప్పించినట్టు పక్కనుంచి వెళ్ళిపోయేవాడు. మామయ్యగారు పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సోఫాలో కూర్చునేవారు. ఎవరో వచ్చి పిలుస్తారన్నట్టు ఉండేది ఆ కూర్చోవడం. ఎవరూ వచ్చేవారు కాదు. నాకు ఆయన్ని చూస్తే జాలేసేది. కానీ కోకాపేటలో నా ఆఫీసుకి టైమయ్యేది.

ఉగాది వెళ్ళిన తర్వాత ఒక పొద్దున్న, మా ఇంట్లో పనిచేసే యాదమ్మ హాలు తుడుస్తూ నన్ను పిలిచింది.

"అక్కా, రొయ్య సచ్చిపోయింది. సార్‌కు నువ్వే చెప్పు, నేను చెప్ప."

వెళ్ళి చూశాను. రాయి పక్కన రొయ్య వెల్లకిలా పడి ఉంది. మీసాలతో సహా అన్నీ ఉన్నాయి గాని, లోపలంతా డొల్లగా అద్దంలా కనిపిస్తోంది. ఆదర్శ్ అప్పటికే ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఫోన్ చేద్దామా వద్దా అని ఆలోచిస్తుంటే మామయ్యగారు సోఫాలోంచి లేచి వచ్చారు. తొట్టి దగ్గరికి ఆయన రావడం అదే మొదటిసారి. వంగి చూసి నవ్వారు.

"చావలేదమ్మా, గుల్ల విడిచింది. అసలుది ఆ రాయి కింద దాక్కుని ఉంటుంది చూడు. ఒళ్ళు మెత్తగా ఉంటుంది కదా, ఎవరైనా తినేస్తారని భయం. కొత్త గుల్ల గట్టిపడ్డాక తనే వస్తుంది."

యాదమ్మ చీపురు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని రాయి కిందికి చూసింది. "ఉంది బాపూ, మీసాలు ఊపుతుంది" అంది.

"నీళ్ళే బాలేవు" అన్నారు మామయ్యగారు నాతో. "చూడ్డానికి తేటగా ఉన్నాయి గాని అందులో ఏముంది? గ్లూకోజు సీసాలో నీళ్ళలా ఉన్నాయి. ఖాళీ నీళ్ళు."

సాయంత్రం ఆ మాట ఆదర్శ్‌కి చెప్పాను. నవ్వి, "నాన్నకి తెలిసిన నీళ్ళు వేరు, ఇవి వేరు" అన్నాడు. మర్నాటి నుంచి మామయ్యగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సోఫాలో కాకుండా తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఆదర్శ్ సంతోషించాడు. నాన్నకి కాలక్షేపం దొరికిందని నాతో రెండు మూడు సార్లు అన్నాడు.

ఏప్రిల్ నడిమికి నీళ్ళు మసకబారాయి. మొదట బియ్యం కడుగునీళ్ళలా తెల్లగా, తర్వాత లేత పచ్చగా. అద్దాల మీద నాచు పొర పేరుకుంటే గీకేయొచ్చు, అది ప్రతి వేసవిలోనూ ఉన్నదే. ఈసారి నీళ్ళే పచ్చబడ్డాయి. వెనకున్న రాళ్ళు పొగమంచులో ఉన్నట్టు కనిపించేవి.

ఆదర్శ్ యుద్ధానికి దిగాడు. ఎండ వల్లేమోనని బాల్కనీ తలుపుకి మందపాటి కర్టెన్ కట్టాడు. లైటు వెలిగే గంటలు తగ్గించాడు. మేత సగానికి కోశాడు. చందానగర్‌లో చేపల దుకాణం నడిపే గిరీష్‌ని అడిగి మరిన్ని నత్తల్ని తెచ్చి వదిలాడు. ఆర్వో ఫిల్టర్లు మార్చాడు. చిన్న చిన్న గాజు గొట్టాల్లో నీళ్ళు పోసి, చుక్కల మందు వేసి, ఏ రంగు వస్తుందో కిటికీ వెలుతురులో పట్టుకుని చూసేవాడు. ప్రతిసారీ ఫాస్ఫేట్ ఎక్కువ, అదే నాచుకి మేత. ఎక్కణ్ణించి వస్తోందో తెలియదు. ఆఖరికి వెలుతురు లేకపోతే నాచు చస్తుందని, నల్ల దుప్పటి తెచ్చి తొట్టి మొత్తం కప్పేశాడు. మూడు రోజులు మా హాల్లో శవపేటిక ఉన్నట్టు ఉంది. దుప్పటి తీసినప్పుడు నీళ్ళు కాస్త తేరుకున్నాయి. వారం తిరక్కుండా మళ్ళీ పచ్చ.

"ఎందుకురా అంత హైరానా పడతావు" అన్నారు మామయ్యగారు ఒకసారి, కుర్చీలోంచి లేవకుండా.

"చూడ్డానికి బాగుండాలి కదా నాన్నా" అన్నాడు ఆదర్శ్. అసలు సంగతి, అంటే నీళ్ళు అలాగే ఉంటే చేపలు బతకవన్న సంగతి, చెప్పలేదు. జబ్బులూ చావులూ ఆయన ముందు మాట్లాడకూడదని ఒక నియమం పెట్టుకున్నాడు. వరసగా రెండు పంటలు పోగొట్టుకున్న మనిషి ముందు ఇదొకటి ఎందుకని.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నేను ఇంటి నుంచి పనిచేస్తుంటే మామయ్యగారు పిలిచారు. "అమ్మా, కాస్త ఆ వెనకవైపు అద్దానికి నీ అరచెయ్యి ఆనించు."

మీటింగు మధ్యలో ఉన్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లతోనే వెళ్ళి తొట్టి వెనక చెయ్యి పెట్టాను. ఆయన ముందువైపు నుంచి కళ్ళు చికిలించి చూశారు.

"వేళ్ళు ఆడించు. ఆఁ. చాలు." లేచి నిలబడి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. "ఏమీ కనబడలేదు" అన్నారు. ఆ గొంతులో సంతోషం ఉంది. ఎందుకో నాకర్థం కాలేదు. మీటింగులో నా పేరు ఎవరో పిలుస్తుంటే వెళ్ళిపోయాను.

అర్థం కావడానికి యాదమ్మ కావాల్సి వచ్చింది. మే నెలాఖరులో ఒక పొద్దున్న గిన్నెలు తోముతూ, గొంతు తగ్గించి అంది:

"అక్కా, నీకొక మాట చెప్తే ఏమనుకోవు గద? పెద్దసారు వెనక బాల్కనీల కల్లు పులియవెడుతుండు."

"ఏంటి?"

"వాసనొస్తుందక్కా, గిట్ల నురుగు గూడ వస్తుంది. మా ఊర్లె తాటికల్లు పులిసినట్టే ఉంది. నేను సార్‌కు చెప్ప. నువ్వు జర చూసుకో. సుగర్ మనిషి."

వాషింగ్ మెషీన్ వెనక ఐస్‌క్రీం డబ్బా ఒకటి ఉంది. మూత తీశాను. యాదమ్మ అన్నది నిజమే, పుల్లటి వాసన గుప్పుమంది. గోధుమరంగు ద్రవం, పైన నురుగు, అడుగున ఏదో పిండిలా. తల తిప్పేసరికి గుమ్మంలో మామయ్యగారు ఉన్నారు. చేతిలో చెంచా ఉంది.

"తవుడమ్మా" అన్నారు. "తవుడూ, బెల్లమూ, కాస్త ఈస్టూ. పులియబెట్టాను."

"తాగడానికా?"

ఆయన నా మొహం చూసి నవ్వారు. "తొట్టిలోకి. రోజుకో చెంచా."

యాదమ్మ గిన్నెల చప్పుడు ఆపేసింది. ఆయన వాషింగ్ మెషీన్ మీద చెయ్యి ఆనించి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పారు.

"చెరువుకి నీళ్ళు పెట్టగానే రొయ్యపిల్ల వదలరమ్మా. ముందు నీళ్ళకి రంగు తెప్పించాలి. లేతపచ్చ రంగు. ఆ రంగులోనే పిల్లకి తిండి, నీడ, అన్నీ. మోచేతి దాకా చెయ్యి ముంచితే అరచెయ్యి కనబడకూడదు, అదీ లెక్క. మా వైపు రంగు రాకపోతే జనం నా దగ్గరికి వచ్చేవారు. నా చేత్తో వేస్తే వస్తుందని. పోయిన రెండు పంటలకీ నా నీళ్ళు నిలబడలేదు. తెల్లమచ్చ అందరికీ వచ్చింది, నిజమే. కానీ నా నీళ్ళు అంతకు ముందే రంగు పోయి విరిగిపోయాయి. నా చెయ్యి పోయిందేమోనని నాకే అనుమానం వచ్చింది."

చెంచాని చొక్కా అంచుతో తుడిచారు.

"ఇదీ ఉప్పునీళ్ళే కదా, రొయ్యా ఉంది. ఇందులో రంగు తెప్పించి నిలబెట్టగలిగితే వెళదామనుకున్నాను. లేకపోతే వాడు చెప్పినట్టే ఇక్కడే ఉండిపోవడం, చెరువులు మధుకర్‌ని తీసుకోమనడం. వాడు నీళ్ళు మార్చేస్తున్నాడు, దుప్పట్లు కప్పేస్తున్నాడు. మంచిదే, పరీక్ష గట్టిగా ఉంది. అయినా వచ్చింది, చూశావుగా."

మా ఇంట్లో రెండు నెలలుగా ఎవరూ ఎత్తని చెరువు మాట ఆయన తేలిగ్గా అనేశారు. ఆ నీళ్ళు ఆ చేపలకి రోగమని ఒక్క మాట నేను చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. ఆయన మా ఇంటికి వచ్చాక అంత తృప్తిగా కనిపించడం అదే మొదలు. నాకు నిజంగా సంతోషం వేసింది. ఆ వెంటనే ఆదర్శ్ గుర్తొచ్చి భయం కూడా వేసింది. డబ్బా మూత పెట్టి, "ఇక్కడ ఎండ తగులుతుంది మామయ్యగారూ, నీడలో పెట్టుకోండి" అన్నాను.

సాయంత్రం ఆదర్శ్‌ని కింద వాకింగ్ ట్రాక్ మీదికి తీసుకెళ్ళి అంతా చెప్పాను. దాచడం నా వల్ల అయ్యే పని కాదు. ముందు అతనికి కోపం వచ్చింది.

"తవుడా? నేను నెల రోజులుగా ఫిల్టర్లు మారుస్తుంటే ఆయన తవుడు వేస్తున్నారా?"

"తవుడూ, బెల్లమూ."

క్లబ్ హౌస్ దాకా నాకంటే ముందు వేగంగా నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు నడక నెమ్మదించింది. "అంటే, నీళ్ళు పాడయ్యాయి నాన్నా అని ఒక్క మాట అంటే ఉండిపోతారు" అన్నాడు.

"ఉండిపోతారు."

"అంత తేలికా?"

"అంత తేలికే."

ఇంకో చుట్టు నడిచాం. పిల్లలు సైకిళ్ళ మీద మమ్మల్ని దాటుకుంటూ పోతున్నారు. "నేను చెప్పను, గిరీష్‌తో చెప్పిస్తాను" అన్నాడు. "వాడు రోజూ చేసే పని కదా, వాడు చెప్తే నమ్ముతారు. నువ్వేమంటావు?"

"ఆయన గట్టు మీద పడిపోయారని ఫోనొచ్చినప్పుడు చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కావు, నేను చూశాను. ఈ పొద్దున్న ఆయన్నీ చూశాను. నన్ను తీర్పు చెప్పమనకు."

"ఆయనకి ఏమైనా అయితే?"

నేను లిఫ్టు వైపు నడిచాను.

గిరీష్ శనివారం వచ్చాడు. బైకు మీద నీళ్ళ క్యాన్లు కట్టుకుని, సగం మెట్ల దగ్గర్నుంచే మాట్లాడుతూ వచ్చే మనిషి. మామయ్యగారు కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుని కూర్చున్నారు. గిరీష్ మూత తీసి, నీళ్ళలో వేలు ముంచి వాసన చూశాడు.

"అన్నా, ఇందుల ఏం కలుస్తున్నయే? నీళ్ళు మొత్తం ఖరా…"

"గిరీష్" అన్నాడు ఆదర్శ్. "మోటారు చప్పుడు చేస్తోంది. అది చూడు."

గిరీష్ చెవి ఒగ్గి విన్నాడు. "మోటార్ మంచిగనే ఉందన్నా."

"అయినా చూడు."

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఈ మాట చెప్పించడానికే కదా ఆ మనిషిని పిలిపించింది. ఆదర్శ్ నావైపు చూడలేదు. నాన్న చేతుల వైపు చూస్తున్నాడు. మామయ్యగారు రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకుని, గిరీష్ వైపు వంగి, పరీక్ష ఫలితాల కోసం వచ్చిన వాడిలా కూర్చుని ఉన్నారు. గిరీష్ బాగున్న మోటారు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. కొన్ని నీళ్ళు మార్చి, గాలి బుడగల గొట్టం ఇంకొకటి వేసి బయల్దేరాడు.

"పదవయ్యా, లిఫ్టు దాకా నేనూ వస్తాను" అని మామయ్యగారు చెప్పులు తొడుక్కున్నారు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక కాళ్ళు కడుక్కుని వెళ్ళి పడుకున్నారు.

మర్నాడు వెనక బాల్కనీలో ఐస్‌క్రీం డబ్బా శుభ్రంగా తోమి బోర్లించి ఉంది. రంగు నిలబడిందని ఆయనకి నమ్మకం కుదిరిందేమో, ఇంక వేయనక్కర్లేదనుకున్నారేమో అనుకున్నాను. ఆ రోజు ఆదివారం. మామిడికాయ పప్పు, వంకాయ వేపుడు చేశాను. ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. ఆదర్శ్ వీపు తొట్టి వైపు ఉంది, మామయ్యగారు దానికి ఎదురుగా ఉన్నారు. అన్నం కలుపుకుంటూ అడిగారు.

"ఏరా, నీళ్ళెలా ఉన్నాయి?"

ఆయన ఆ ప్రశ్న కొడుకుని సూటిగా ఎప్పుడూ అడగలేదు. ఆదర్శ్ కలిపిన ముద్ద కంచంలోనే ఉంచి వెనక్కి తిరిగి చూశాడు. చేపలు రెండూ గాలి బుడగల దగ్గరికి చేరి మూతులు పైకెత్తి ఈదుతున్నాయి. రాళ్ళు కనిపించడం లేదు. కాసేపు అలాగే చూసి ఇటు తిరిగాడు.

"బాగున్నాయి నాన్నా. రంగు బాగా తిరిగింది."

"నిలబడతాయంటావా?"

"నిలబడతాయి. ఎవరి చేతి నీళ్ళు మరి."

మామయ్యగారు తలూపి, పప్పు కాస్త వేయమన్నారు. వేశాను. వంకాయల్లో ఉప్పు తక్కువైందని ఆదర్శ్ అన్నాడు. తక్కువేమీ కాలేదు. భోజనాలయ్యాక గదిలోంచి మామయ్యగారు ఫోన్లో అనడం వినిపించింది. "లేదులే మధుకర్, నేనే పెట్టుకుంటాను నీళ్ళు."

జూన్ మొదటి వారంలో ప్రయాణం. ఆదర్శ్ సుగర్ చూసుకునే మిషన్ కొనిచ్చి, అది ఎలా వాడాలో ఆయన చేతే చేయించి చూశాడు. కాపలా మనిషి నంబరు, వాడి భార్య నంబరు, ఆర్ఎంపీ డాక్టరు నంబరు మా ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించాడు. పొద్దున్నే టిఫిన్ తినకుండా గట్టెక్కనని మాట తీసుకున్నాడు. మామయ్యగారు అన్నిటికీ సరేనన్నారు. యాదమ్మ సర్దిన సంచిలో తోమిన ఐస్‌క్రీం డబ్బా కూడా ఉంది. మంచి డబ్బా పారేయడం ఎందుకని ఆమే పెట్టిందట.

లింగంపల్లి స్టేషన్లో రైలు అప్పుడే పెట్టారు. సీటు చూసి, సంచి పైకెక్కించి, ఆదర్శ్ నీళ్ళ సీసా తేవడానికి దిగాడు. మామయ్యగారు కిటికీ దగ్గర కూర్చుని నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"ఇంటికెళ్ళగానే ఆ నీళ్ళు సగం మార్చేయమనమ్మా వాడిని. ఆలస్యం చేస్తే ఆ చేపలు దక్కవు. రొయ్యకీ మంచిది కాదు."

ఆయన కండువాతో మెడ తుడుచుకున్నారు.

"గిరీష్‌ని లిఫ్టు దగ్గర నిలేసి అడిగాను. దాస్తావేం, చెప్పవయ్యా అంటే చెప్పాడు. ఇక్కడ ఆ రంగు పనికిరాదట. సముద్రం మధ్యలో రాళ్ళ దగ్గర ఉండే చేపలట అవి, అక్కడ నీళ్ళు తేటగానే ఉంటాయట. నాకేం తెలుసు? నా నీళ్ళు వేరు. వాడి చేపల్ని చంపబోయాను."

"మరి ఆదివారం అన్నం దగ్గర…"

"ఆఁ. అడిగాను."

"తెలిసే అడిగారా?"

"నీళ్ళ సంగతి నాకు తెలిసిపోయింది కదమ్మా. వాడి సంగతే తెలియలేదు. నీళ్ళు పాడయ్యాయి నాన్నా అని ఉంటే ఉండిపోయేవాణ్ణి, ఒట్టు. అంత భయం పెట్టుకుని కూడా వాడు ఆ మాట అనలేదు."

ఆదర్శ్ సీసా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. మామయ్యగారు కిటికీలోంచి చెయ్యి చాచారు. "చల్లటిది తెచ్చావేంట్రా, నాకు గొంతు పట్టేస్తుంది" అన్నారు.

ఇంటికొచ్చేసరికి వాన మొదలైంది, ఆ ఏటికి మొదటి వాన. ఆదర్శ్ బట్టలు మార్చుకోకుండానే గొట్టం, బకెట్లు తెచ్చుకుని తొట్టి ముందు కూర్చున్నాడు. పచ్చనీళ్ళు గొట్టంలోంచి బకెట్లోకి దిగుతున్నాయి.

"ఒక అబద్ధం చెప్పి పంపించాను" అన్నాడు. "ఆ నీళ్ళని నమ్ముకుని వెళుతున్నారు. అక్కడ ఏమైనా అయితే అది నేను చేసిందే."

"నీళ్ళని నమ్ముకుని వెళ్ళలేదు" అన్నాను. కిటికీ దగ్గర ఆయన అన్న మాటలన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పాను.

బకెట్ నిండి నీళ్ళు నేల మీదికి పొర్లుతున్నా ఆదర్శ్ గొట్టం ఎత్తలేదు. నేనే వెళ్ళి ఎత్తాను. అతను ఏడుస్తున్నాడని అప్పుడు చూశాను. గుడ్డ తెచ్చి నేల తుడిచాను. ఆ తర్వాత ఇద్దరం కలిసి కొత్త నీళ్ళలో ఉప్పు కలిపి పోశాం. పని పూర్తయ్యాక అతను తొట్టి వెనక్కి వెళ్ళి అద్దానికి అరచెయ్యి ఆనించాడు.

"కనబడుతోందా?"

"కొంచెం కొంచెం" అన్నాను.

ఆదివారానికి నీళ్ళు ఇంకా తేరుకున్నాయి. రాళ్ళ మీది రంధ్రాలు కూడా కనిపిస్తున్నాయి. రొయ్య బయటికొచ్చి అద్దం పక్కన నిలబడి మీసాలు ఊపుతోంది. మామయ్యగారు ఫోన్ చేశారు. ఆదర్శ్ స్పీకర్లో పెట్టాడు. టిఫిన్ తిన్నానని, సుగర్ చూసుకున్నానని, అడక్కముందే చెప్పేశారు. తర్వాత అడిగారు.

"నీళ్ళెలా ఉన్నాయిరా?"

"తేటగా ఉన్నాయి నాన్నా. మార్చేశాను." ఆదర్శ్ ఫోన్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మన చెరువులో?"

అటువైపు ఇంజను చప్పుడూ, గొట్టంలోంచి నీళ్ళు పడుతున్న చప్పుడూ వినిపించాయి.

"ఇక్కడింకా రంగు రాలేదు" అన్నారు. "వస్తుందిలే."